సందడి తగ్గని ఇంట్లో కచేరీలు వినడానికి చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ ఏవి మేలు?

మల్కాజిగిరి శ్రోత

అందరికీ నమస్కారం. మాది మల్కాజిగిరిలో రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఉన్న అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. రెండు పడకగదుల ఇంట్లో మా అమ్మగారు, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను ఉంటాం. సాయంత్రం ఏడు గంటల నుంచి పది దాకా హాల్లో అమ్మ సీరియళ్లు నడుస్తాయి. కిటికీలో బిగించిన కూలర్ మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా ఆగదు. తెల్లవారుజామున అయిదింటికి కింద బోరు మోటారు, ఆరింటికి వంటింట్లో మిక్సీ మొదలవుతాయి. ఆఫీసు నుంచి వచ్చాక ఎనిమిదిన్నర, పది గంటల మధ్య నాకంటూ దొరికే గంటన్నరలో పాత రేడియో కచేరీలు వినడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. వోలేటి వెంకటేశ్వర్లు గారి గాత్రం, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, నేదునూరి వారి పాట, ఇలా టేపుల నుంచి ఎక్కించుకున్నవి చాలా ఉన్నాయి. ఇప్పుడున్న చిన్న ఇయర్‌ఫోన్స్‌తో ఫోను శబ్దం చివరిదాకా పెంచినా మృదంగం ఎడమ వైపు నాదం వినిపించడం లేదు, తంబూరా అయితే కూలర్ మోతలో కలిసిపోతోంది. పైగా వానాకాలంలో చెవిలో ఫంగస్ వచ్చి తగ్గినందువల్ల చెవి లోపల పెట్టుకునేవి మానేయమని డాక్టరు చెప్పారు.

నేను కళ్లజోడు పెట్టుకుంటాను. బడ్జెట్ పదిహేను వేలు. సంగీతానికి వెనుక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకాన్ని మించింది లేదని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నారు. కొనేముందు మీ అనుభవాలు తెలుసుకుందామని అడుగుతున్నాను.

తంబూరా శ్రుతి

శ్రోత గారూ, మీ మిత్రుడు చెప్పిన మాట నిజమే గాని, అది మీ ఇంటికి సరిపోయే నిజం కాదు. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో ఇయర్ కప్పు వెనుక వైపు జాలీ మాత్రమే ఉంటుంది. గాలి, శబ్దం రెండూ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టే పాట తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా ఎదురుగా వేదిక మీద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 ఇప్పటికీ ఈ రకానికి కొలబద్దగా నిలిచి ఉంది. నా దగ్గర అదే ఉంది, గాత్రానికి అంతకన్నా సహజమైనది నేను వినలేదు.

అయితే మా ఇంట్లో నేను దాన్ని ఎప్పుడు వింటానో చెబితే మీకు విషయం అర్థమవుతుంది. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను రెండో నంబరులో పెట్టి, తలుపు వేసుకుని వింటాను. అలా వింటున్నప్పుడు కూడా పక్క మంచం మీద పడుకున్న మా ఆవిడ, "ఇది భైరవి రాగమా, ముఖారి రాగమా?" అని అడిగిన సందర్భాలున్నాయి. అంటే నా పాట ఆమెకు అంత స్పష్టంగా చేరుతోందన్నమాట. లోపలి శబ్దం అంత సులువుగా బయటికి పోయే చోట బయటి శబ్దం లోపలికి రాకుండా ఆగుతుందా? మీ హాల్లో దాన్ని పెట్టుకుంటే కూలర్‌కు మీకు మధ్య అడ్డు ఏమీ లేనట్టే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది చూపే నిరోధం, 300 ఓంలు, ఫోనుకు నేరుగా కలిపితే కావలసినంత శబ్దం రాదు. విడిగా ఆంప్లిఫయర్ కొనాలి. ఇదంతా విడిగా గది ఉన్నవారి సరదా.

సర్క్యూట్ బోర్డు

నేను వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును. హెడ్‌ఫోన్ పేరు వెతికే ముందు, మీ ఇంట్లో ఉన్న శబ్దాలు ఏ జాతివో తేల్చుకోవాలని నా అభిప్రాయం.

బయటి శబ్దాన్ని తగ్గించడానికి రెండు దారులున్నాయి. మొదటిది చెవి చుట్టూ కుషన్ గట్టిగా ఆనుకుని తలుపు మూసినట్టు అడ్డుపడటం. రెండోది నాయిస్ క్యాన్సిలింగ్. ఇందులో కప్పు బయట, లోపల ఉన్న చిన్న మైకులు రొదను పసిగడతాయి, లోపలి సర్క్యూట్ ఆ తరంగానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని, అంటే ఎత్తుకు పల్లాన్ని, పల్లానికి ఎత్తును తయారుచేసి స్పీకరు ద్వారా వదులుతుంది. రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అమెరికాలోని ఎమ్మైటీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన అమర్ బోస్‌కు ఈ ఆలోచన 1978లో విమాన ప్రయాణంలో, ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజను మోత తప్ప పాట వినపడక విసిగిపోయినప్పుడు కలిగింది. ఆయన తండ్రి బెంగాల్ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన స్వాతంత్ర్య పోరాటవాది. బోస్ సంస్థ 1989లో పైలట్ల కోసం, 2000లో సామాన్య శ్రోతల కోసం వీటిని అమ్మకానికి తెచ్చింది. విమానం ఇంజను మోతను ఉద్దేశించి పుట్టిన విద్య కావడం వల్ల దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద కంపనాలున్న శబ్దానికి తరంగ దైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు. 5000 హెర్ట్జ్ శబ్దానికి అది 7 సెంటీమీటర్లు మాత్రమే. పొడవైన తరంగాన్ని కప్పు లోపల తిరగేసి కలపడం సులువు. పొట్టి తరంగం విషయంలో మైకుకు, కర్ణభేరికి మధ్యనున్న కొద్దిపాటి దూరంలోనే లెక్క తప్పిపోతుంది. అందుకే నాయిస్ క్యాన్సిలింగ్ ఒక వేయి హెర్ట్జ్ లోపు ఉండి, ఆగకుండా ఒకే తీరులో సాగే శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. మీ కూలర్, ఫ్యాను, బోరు మోటారు, దూరంగా రైలు వెళ్లే గుడగుడ ఆ కోవలోకి వస్తాయి. మిక్సీ సగం సగం. కుక్కర్ విజిల్, రైలు కూత, సీరియల్‌లో అత్తాకోడళ్ల మాటలు, పిల్లల కేకలు మాత్రం దానికి చిక్కవు. వాటిని ఆపవలసింది కుషన్లే.

ఇంకొక్క విషయం. కింది స్థాయి, అంటే తక్కువ హెర్ట్జ్ ఉన్న రొదకు ఒక దుర్గుణం ఉంది. అది తన స్థాయిలోని శబ్దాలనే కాక తనకన్నా పై స్థాయి శబ్దాలను కూడా కప్పేస్తుంది. మీకు తంబూరా కనుమరుగు కావడానికి కూలర్ ఒక్కటే చాలు.

మల్కాజిగిరి శ్రోత

ఇంత ఓపికగా వివరించినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు నిన్న రాత్రి కాగితం మీద రాసుకున్నాను. నా గంటన్నరలో ఎప్పుడూ ఉండేవి రెండే, కూలర్, సీరియల్. మిగతావి వచ్చిపోయేవి. ఒకటి మొదటి జాతి, రెండోది రెండో జాతి అయినప్పుడు నేను ఏ పక్షం వహించాలి? సీరియల్ శబ్దం సామాన్యమైనది కాదని కూడా మనవి చేస్తున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికే కథ ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది.

డబ్బింగ్ గది

కృష్ణానగర్‌లో ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. మా పనిలో కళాకారుడి చెవిలోని శబ్దం మైకులోకి పోకూడదు, పక్కన మాట్లాడేది కళాకారుడికి వినపడకూడదు. అందువల్ల వెనుక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ తప్ప మరొకటి వాడం. మాటల శబ్దాన్ని ఆపడానికి ఇది నమ్మకమైన దారి.

ఇందులోనూ అన్నీ ఒకే తీరుగా ఆపవు. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో బయటి శబ్దాన్ని 32 డెసిబెళ్ల వరకు తగ్గిస్తుందని తయారీదారు చెబుతారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోకు వారే చెప్పే అంకె సుమారు 18. తేడా చాలావరకు కుషన్లలోనూ, తలను పట్టుకునే బిగువులోనూ ఉంది. 770కి ఉన్నవి మఖమలు లాంటి గుడ్డ కుషన్లు. వాటిలోంచి గాలి ఆడుతుంది కాబట్టి చెవికి హాయి, ఆ గాలి దారినే శబ్దమూ వస్తుంది. 280కి ఉన్నది తోలు లాంటి కుషన్, బిగువు ఎక్కువ, కాబట్టి బాగా మూస్తుంది. సోనీ ఎండీఆర్-7506 స్టూడియోలలో 1991 నుంచి కనిపిస్తూనే ఉంది, తేలికగా ఉంటుంది, కాని అంతగా మూయదు. మూయడంలో ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 280కీ, 7506కీ నడుమ ఉంటుంది. దాని ఇంపిడెన్స్ 38 ఓంలు కాబట్టి ఫోనుతోనే చక్కగా పలుకుతుంది.

ఇక మీ కళ్లజోడు సంగతి. చాలామంది దీన్ని సౌకర్యం సమస్య అనుకుంటారు, నిజానికి ఇది శబ్దం సమస్య. కళ్లజోడు కాడ కుషన్‌కు, చర్మానికి మధ్య సందు చేస్తుంది. ఆ సందులోంచి సీరియల్ లోపలికి వస్తుంది, మృదంగం ఎడమ వైపు గుమ్మనే నాదం బయటికి పోతుంది. "ఈ హెడ్‌ఫోన్‌లో బేస్ లేదు" అని పెదవి విరిచేవాళ్లలో సగం మందికి లోపం హెడ్‌ఫోన్‌లో ఉండదు, కణత దగ్గర ఉంటుంది. వినేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటు ఉంటే కళ్లజోడు తీసేయండి. లేదంటే సన్నని లోహపు కాడ ఉన్న ఫ్రేము పెట్టుకోండి.

తంబూరా శ్రుతి

డబ్బింగ్ గది గారి అనుభవానికి నమస్కరిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. స్టూడియోలో ఏసీ ఉంటుంది, రికార్డింగు పది నిమిషాలకోసారి ఆగుతుంది. హైదరాబాద్ మే నెలలో, కూలర్ తేమలో, గట్టిగా బిగిసిన తోలు కుషన్ల మధ్య చెవులు పెట్టుకుని రాగం తానం పల్లవి ఆసాంతం వినమంటే అది వినడం కాదు, వ్రతం. నేను అలాంటిదే ఒకటి కొని (పేరెందుకులెండి), తానం మొదలయ్యేసరికి తీసి పక్కన పెట్టేవాణ్ణి. చెమటకు ఆ కృత్రిమ తోలు రెండో వేసవికే పొలుసులుగా రాలి, చెవుల మీద నల్లని రేకులు అంటుకునేవి. పిల్లలు నవ్వేవారు.

మరో సంగతి కూడా పాత రికార్డింగులు వినేవారు గమనించాలి. శ్రోత గారు వినేవి టేపు నుంచి తీసినవి, వాటిలో బుస్సుమనే శబ్దం సహజంగానే ఉంటుంది. కొన్ని స్టూడియో హెడ్‌ఫోన్స్ 8000 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని కొంచెం ఎత్తి చూపుతాయి, రికార్డింగులో తప్పులు పట్టుకోవడానికి అది అవసరం. డీటీ 770 స్వభావం అలాంటిదే. కొత్త రికార్డింగుకు ఆ మెరుపు అందమే. నలభై యాభై ఏళ్ల నాటి టేపుకు మాత్రం అది బుసను, వయొలిన్ కమాను గీతను ముందుకు తెచ్చి గాత్రాన్ని వెనక్కి నెడుతుంది.

డబ్బింగ్ గది

కుషన్లు రాలిపోవడం నిజమే, కాదనను. అయితే కుషన్లు అరిగే వస్తువులు, చెప్పులకు అడుగు వేయించినట్టు వాటిని మార్చుకోవాలి. విడిగా కుషన్లు దొరికే మోడలే కొనండి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే కొలతకు సరిపడేవి దొరకవచ్చు. అయితే మందం, లోపలి రంధ్రం మారితే మోగే తీరు కూడా మారుతుంది కాబట్టి వీలైతే అదే తయారీదారు కుషన్లు తెప్పించుకోవడం మంచిది. 8000 హెర్ట్జ్ గురించి తంబూరా గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. ఫోనులో ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజరులో అక్కడ మూడు నాలుగు డెసిబెళ్లు దించితే చాలావరకు సర్దుకుంటుంది.

నల్లకుంట నుంచి

ఇంత చర్చ ఎందుకండీ, నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నది ఒకటి కొనేసుకుంటే సరిపోతుంది కదా. బ్యాటరీ ముప్ఫై గంటలు వస్తోంది.

సర్క్యూట్ బోర్డు

సరిపోవచ్చు, కాని తెలిసి కొనడం మంచిది. వాటిలో బ్యాటరీ ఉంటుంది, కొన్నేళ్లకు దాని శక్తి తగ్గుతుంది, మార్పించడం అన్ని మోడళ్లలో సులువు కాదు. వైరుది జాగ్రత్తగా వాడితే పదిహేనేళ్లు ఉంటుంది. బ్లూటూత్‌లో ఎల్‌డ్యాక్ 990 కిలోబిట్లు, అదీ ఇదీ అని ప్రకటనల్లో కనిపించే అంకెలను మాత్రం శ్రోత గారు పట్టించుకోనక్కరలేదు. పాత టేపులో ఉన్న సమాచారానికి ఫోన్లన్నిటిలో ఉండే మామూలు కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి, చాలు.

క్యాన్సిలింగ్ పక్షాన చెప్పవలసిన మాట కూడా ఒకటుంది. ఇలాంటి హెడ్‌ఫోన్స్‌లో చాలావాటికి కప్పు లోపల కూడా మైకు ఉంటుంది, చెవి దగ్గర నిజంగా ఏం వినిపిస్తోందో అది కనిపెడుతుంది. అందువల్ల కళ్లజోడు కాడ వల్ల కొద్దిగా సందు ఏర్పడినా పోయిన బేస్‌ను కొంతవరకు భర్తీ చేయగలదు. బిగువు కూడా స్టూడియో రకమంత అవసరం లేదు. బరువు చూడండి. సోనీ సీహెచ్720ఎన్ 192 గ్రాములే ఉంటుంది. అదే సంస్థ ఖరీదైన ఎక్స్‌ఎం4 254 గ్రాములు. గంటన్నర కూర్చునేవారికి ఆ అరవై గ్రాముల తేడా మెడకు తెలుస్తుంది.

ఆడియోగ్రామ్

వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నదాన్ని. శ్రోత గారి మొదటి మాటల్లో అందరూ దాటిపోయిన వాక్యం ఒకటుంది. ఫోను శబ్దం చివరిదాకా పెంచుతున్నానని ఆయన అన్నారు.

చుట్టూ రొద ఉన్నప్పుడు మనిషి తెలియకుండానే పాటను ఆ రొదకన్నా పైకి ఎత్తుకుంటాడు. రొద 70 డెసిబెళ్లుంటే పాట 80, 85 దాకా పోవడం మామూలు. కర్మాగారాల్లో పనిచేసేవారికి 85 డెసిబెళ్ల వద్ద రోజుకు ఎనిమిది గంటలు హద్దుగా పెట్టుకుంటారు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది, అంటే 94 దగ్గర ఒక్క గంటే. వినోదం కోసం వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణం ఇంకా కట్టుదిట్టమైనది. పెద్దవారికి వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. కాబట్టి బయటి శబ్దాన్ని 20 డెసిబెళ్లు తగ్గించే హెడ్‌ఫోన్ మీకిచ్చే అసలు లాభం ఆ మేరకు పాటను తగ్గించి వినగలగడం. కొన్న తరువాత కూడా పాత స్థాయిలోనే వింటే డబ్బు దండగ. వినడం ముగించి తీసేశాక చెవిలో గుయ్యిమంటే, ఆ రోజు ఎక్కువ పెట్టారని గుర్తు.

ఇక అడగని సలహా ఒకటి ఇస్తున్నాను, మన్నించండి. మెట్ల దగ్గరికి వినిపించేంతగా టీవీ పెడుతున్న మీ అమ్మగారి వయసెంత? వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేది పై స్థాయి శబ్దాలు. మాటలో అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి, స, శ, త, క వంటి హల్లుల పదును పై స్థాయిలో ఉంటుంది. అందువల్ల ఆమెకు మాట వినిపిస్తుంది కాని అర్థం కాదు, అర్థం కావడానికి శబ్దం పెంచుతారు. పెంచితే అచ్చులే ఇంకా మోగుతాయి గాని హల్లులు తేలవు. మీరు హెడ్‌ఫోన్‌తో పోరాడుతున్నది బహుశా పరీక్ష చేయించని వినికిడి లోపంతో కావచ్చు.

మల్కాజిగిరి శ్రోత

అమ్మకు డెబ్బై ఎనిమిది. మీ మాట చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఆమె రెండేళ్లుగా ఫోనులో "ఆఁ, ఆఁ" అంటూ నా భార్య చేతికి ఇచ్చేస్తోంది. మతిమరుపు అనుకున్నాం.

పొయ్యి మీద పాలు

మగవారెవరూ ఎత్తని సంగతి ఒకటి చెబుతాను. ఇంట్లో పని ఉన్నవాళ్లు చెవులు పూర్తిగా మూసుకోవడం అంత తేలిక కాదు. నేను క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ కొన్న మొదటి వారంలో రెండుసార్లు పాలు పొంగాయి, అది చిన్న విషయం. మూడోసారి మా అత్తగారు బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళితే గాలికి తలుపు పడి గడియ బిగుసుకుంది. ఆవిడ ఇరవై నిమిషాలు తలుపు కొట్టారు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని హాయిగా పాట వింటున్నాను. ఎదురింటివారు కాలింగ్ బెల్ కొట్టినా వినపడకపోతే చివరికి ఫోను చేశారు. ఆవిడ ఏమీ అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

అప్పటినుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. తలుపులు, పెద్దవాళ్లు కనిపించేలా కూర్చుంటాను, గోడకు తిరిగి కూర్చోను. ఫోను జేబులో వైబ్రేషన్‌లో ఉంటుంది, ఇంట్లో అందరికీ అది తెలుసు. పొయ్యి వెలుగుతున్నంతసేపు బయటి శబ్దాన్ని లోపలికి వదిలే పద్ధతికి మార్చుకుంటాను. కొనేటప్పుడు ఆ మార్పు చేసే మీట చేతికి తగిలేలా ఉందో, యాప్ తెరిస్తే గాని కుదరదో చూసుకోండి. తడి చేతులతో యాప్ తెరవలేం.

డబ్బింగ్ గది

అంగడికి వెళ్లి చూసేటప్పుడు ఒక మాట. ఏసీ షోరూములో అరనిమిషం పెట్టుకుని అన్నీ బాగున్నాయని వచ్చేస్తారు. అక్కడ మీ ఇల్లు లేదు కదా. ఈ రాత్రి మీ హాలు శబ్దాన్ని ఫోనులో పది నిమిషాలు రికార్డు చేసుకోండి. దుకాణంలో దాన్ని ఇంకో ఫోను స్పీకరు మీద పెట్టి, హెడ్‌ఫోన్‌లో మీ వోలేటి వారిని వినండి. కళ్లజోడు పెట్టుకునే వినండి, నోరు తెరిచి మూసి, తల వంచి చూడండి. సీలు ఎక్కడ విడిపోతోందో తెలుస్తుంది.

సర్క్యూట్ బోర్డు

చక్కని ఉపాయం, కాని ఒక సవరణ. ఫోను స్పీకరు 100 హెర్ట్జ్ శబ్దాన్ని పలికించలేదు. సీరియల్ మాటల పరీక్షకు అది సరిపోతుంది, కూలర్ పరీక్షకు కాదు. దానికి దుకాణంలో నిజమైన టేబుల్ ఫ్యానో, జనరేటరో ఉన్న మూలకు వెళ్లి నిలబడాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళితే మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆ వసతికి లోటు ఉండదు.

మల్కాజిగిరి శ్రోత

రెండు వారాల తరువాత రాస్తున్నాను. మూడు పనులు చేశాను.

మొదట ఫోనులో శబ్దం కొలిచే యాప్‌తో ఇల్లంతా తిరిగాను. అంకెలు కచ్చితం కావని తెలుసు, పోల్చుకోవడానికి పనికొస్తాయి. సోఫా చివర, నేను ఎప్పుడూ కూర్చునే చోట 69 చూపించింది. పడకగదిలో బీరువాకు, మంచానికి మధ్యనున్న సందులో తలుపు వేస్తే 52. ఇన్నాళ్లు కూలర్‌కు ఆరడుగుల దూరంలో కూర్చుని హెడ్‌ఫోన్ గురించి ఆలోచించానన్నమాట. అయితే ఆ సందులో గాలి లేదు, మే నెలలో అక్కడ గంటన్నర కూర్చోలేను. తలుపు సగం తెరిచి, కుర్చీని హాలు గుమ్మం పక్కకు జరుపుకోవడం దగ్గర రాజీ కుదిరింది. అక్కడ 60.

రెండోది, దుకాణంలో రెండు గంటలు గడిపాను. యజమాని సహనమూర్తి, టేబుల్ ఫ్యాను కూడా తెప్పించి పెట్టారు. గట్టిగా బిగిసే స్టూడియో హెడ్‌ఫోన్‌లో సీరియల్ మాటలు దాదాపు మాయమయ్యాయి, మృదంగం అద్భుతంగా పలికింది, కాని ఇరవై నిమిషాలకే కళ్లజోడు కాడలు కణతల్లో దిగబడ్డాయి. కళ్లజోడు తీస్తే హాయిగానే ఉంది, అయితే పొయ్యి మీద పాలు గారి మాట గుర్తుకొచ్చింది. అమ్మ ఉన్న ఇంట్లో చూపు, వినికిడి రెండూ వదులుకుని కూర్చోలేను. తరువాత తేలికపాటి నాయిస్ క్యాన్సిలింగ్ దాన్ని పెట్టుకుని మీట నొక్కాను. ఫ్యాను ఎవరో ఆపేసినట్టయింది. విచిత్రం ఏమిటంటే, సీరియల్ మాటలు మునుపటికన్నా స్పష్టంగా వినిపించాయి! ఇది పనికిరాదనుకుంటూనే పాట పెట్టాను. తంబూరా మొదలైన పది క్షణాల్లో ఆ మాటలు ఎక్కడికి పోయాయో తెలియలేదు. శబ్దం సగానికి కొంచెం పైన ఉంది, అంతకు పెంచాలనిపించలేదు. దాన్నే తీసుకున్నాను.

మూడోది, అమ్మను పరీక్షకు తీసుకెళ్లాను. ఆడియోగ్రామ్ గారు ఊహించినట్టే రెండు చెవుల్లోనూ పై స్థాయిలో మధ్యరకం లోపం ఉందన్నారు. వినికిడి పరికరం ఒప్పుకోవడానికి నాలుగు రోజులు అలిగింది. ఇప్పుడు పెట్టుకుంటోంది. టీవీ 38 నుంచి 21కి దిగింది. నా భార్య ఆ అంకె చూసి రిమోటు పాడైందేమో అనుకుంది.

ఆడియోగ్రామ్

చాలా సంతోషం. మొదటి నెలలో గిన్నెల చప్పుడు, నీళ్ల చప్పుడు ఆమెకు మరీ ఎక్కువగా తోచవచ్చు. తీసి పెట్టెలో పెట్టేయకుండా, రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పొమ్మనండి. పరికరాన్ని సరిచేయించడానికి, తీసుకున్న చోటికి మళ్లీ ఒకటి రెండుసార్లు వెళ్లవలసి ఉంటుంది.

సర్క్యూట్ బోర్డు

క్యాన్సిలింగ్ వేయగానే మాటలు తేటపడటంలో విచిత్రం లేదు. ఇంతవరకు ఆ మాటలను కూడా కూలరే కప్పి ఉంచింది. దాన్ని తీసేశారు, మాటలు బయటపడ్డాయి. మీ టీవీ ఇప్పుడు 21లో ఉంది కాబట్టి మిగిలినదాన్ని తంబూరా చూసుకుంటుంది.

తంబూరా శ్రుతి

ఏం విన్నారో చెప్పనేలేదు.

మల్కాజిగిరి శ్రోత

ఈమని వారి వీణ. గమకం చివర తీగ మీద వేలు జారే చిన్న చప్పుడు ఉంటుందని ఇన్నేళ్లలో ఇప్పుడే తెలిసింది. ఇంకొక్క సందేహం మిగిలింది. వినాయక చవితికి మా వీధి మలుపులోనే మండపం వేస్తారు. ఆ పది రోజుల డీజేకు ఇది ఏమైనా ఆగుతుందా?

సర్క్యూట్ బోర్డు

ఆగదు. అంత పెద్ద స్పీకర్ల కింది స్థాయి శబ్దాన్ని కిటికీ అద్దాలు, నేల, ఎముకలు కూడా మోస్తాయి. చెవిని ఎంత మూసినా ఎముకల ద్వారా లోపలికి వచ్చేదాన్ని ఏ కుషనూ ఆపలేదు. పైగా డప్పు దెబ్బ ఒకే తీరుగా సాగే మోత కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు, రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. మండపం వేసే కుర్రాళ్లతో చందా ఇచ్చే రోజునే, స్పీకర్లు మీ కిటికీ వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పమని మాట్లాడుకోండి.

పొయ్యి మీద పాలు

చందా ఇచ్చాక కాదండీ, ఇచ్చేముందు మాట్లాడండి.